విదేశాల్లో జపాను కార్ల కర్మాగారాలు: ఎదుగుదల, మూసివేత, మన ముందున్న పని

(మోటారు వాహనాలు, విడిభాగాల పరిశ్రమలోని సంఘ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



2025వ సంవత్సరంలో రెండు వార్తలు వెలువడ్డాయి. ఫిబ్రవరి నెలలో, జపానుకు చెందిన సుజుకీ కంపెనీ యాజమాన్యంలోని మారుతి, హర్యానా రాష్ట్రం ఖర్ఖోడాలో కొత్త కర్మాగారాన్ని ప్రారంభించింది. మే నెలలో, అదే జపానుకు చెందిన నిస్సాన్ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా తనకున్న 17 వాహన కర్మాగారాలను 10కి కుదిస్తాననీ, మొత్తం 20,000 ఉద్యోగాలను తొలగిస్తాననీ ప్రకటించింది. మొదటి వార్త చదివి మనవాళ్లు సంతోషించారు. రెండవ వార్తను ఎక్కడో దూరదేశపు సంగతిగా భావించి పేజీ తిప్పేశారు. ఈ రెండు వార్తలూ ఒకే చరిత్రకు చెందినవనీ, మొదటి వార్త అందుకున్న కర్మాగారాలే కొన్నాళ్లకు రెండవ వార్త అందుకుంటాయనీ గత నలభై సంవత్సరాల అనుభవం చెబుతున్నది. ఆ అనుభవాన్నే నేడు మీ ముందుంచదలచాను.

జపాను కార్ల కంపెనీలు తమంతట తాము ఉత్సాహపడి విదేశాలకు పోలేదు. 1980లో జపాను ఒక కోటీ 10 లక్షల వాహనాలను ఉత్పత్తి చేసి అమెరికాను మించిపోయింది. ఆ కార్లలో పెద్ద భాగం ఓడలెక్కి అమెరికా మార్కెట్లో దిగింది. అమెరికాలో కర్మాగారాలు మూతపడ్డాయి, ఆగ్రహం పెల్లుబికింది. 1981లో రేగన్ ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గి, ఏటా 16 లక్షల 80 వేల కార్లకు మించి అమెరికాకు పంపబోమని జపాను 'స్వచ్ఛందంగా' అంగీకరించింది. ఆ స్వచ్ఛందం ఎటువంటిదో మీరు ఊహించగలరు. ఓడలో పంపడానికి పరిమితి వున్నప్పుడు అక్కడే తయారు చేయడం తప్ప మార్గం లేదు. 1982 నవంబరులో హోండా ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్‌లో కార్ల ఉత్పత్తి ప్రారంభించింది. 1983లో నిస్సాన్ టెనెస్సీలోని స్మర్నాలో ట్రక్కులు తయారు చేసింది. 1988లో టొయోటా కెంటకీ రాష్ట్రంలో కర్మాగారం తెరిచింది.

ఈ పరుగును మరింత వేగవంతం చేసింది డబ్బు విలువ. 1985 సెప్టెంబరులో న్యూయార్కు నగరంలోని ప్లాజా హోటల్లో అయిదు సంపన్న దేశాల ఆర్థిక మంత్రులు సమావేశమై డాలరు విలువను తగ్గించడానికి ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి డాలరుకు 240 యెన్లు. 1988 నాటికి డాలరుకు దాదాపు 125 యెన్లే. జపానులో తయారైన ప్రతి వస్తువూ విదేశీ మార్కెట్లో ఒక్కసారిగా ప్రియమైపోయింది. జపానులో పనిచేసే కార్మికుడు అంతకు ముందు రోజుకన్నా తక్కువ చాకిరీ చేయలేదు. అతని నైపుణ్యం తగ్గలేదు. హోటలు గదిలో కుదిరిన ఒక ఒప్పందం అతని శ్రమ ధరను తిరగరాసింది.

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పాలి. 1980లలో కేంద్ర ప్రభుత్వం తేలికపాటి ట్రక్కుల తయారీకి జపాను కంపెనీల సహకారాన్ని అనుమతించింది. ఉత్తర ప్రదేశ్‌లో డీసీఎం టొయోటా, మధ్య ప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, పంజాబులో స్వరాజ్ మజ్దా, మన మెదక్ జిల్లా జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ — నాలుగూ కొద్దికాలం తేడాతో వెలిశాయి. హైదరాబాదు ఆల్విన్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. నిస్సాన్ సహకారంతో అది ట్రక్కులు తయారు చేస్తుందంటే అప్పట్లో అదొక గర్వకారణం. కాని ఆ ట్రక్కుల విడిభాగాలలో పెద్ద భాగం జపాను నుంచే రావాలి, వాటి వెల యెన్లలో చెల్లించాలి. 1985 నుంచి 1988 లోపల రూపాయికి వచ్చే యెన్ల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. ఆ సమయంలోనే, 1986లో, టెల్కో కంపెనీ స్వదేశంలో రూపొందించిన 407 బండిని మార్కెట్లోకి దించింది. ఆల్విన్ నిస్సాన్ 1980ల చివరకు మహీంద్రా చేతికి పోయింది. డీసీఎం టొయోటాలో టొయోటా స్థానంలోకి 1990ల మధ్యలో కొరియా కంపెనీ దేవూ వచ్చింది. ఏ యెన్ పెరుగుదల జపాను కంపెనీలను అమెరికాలో కర్మాగారాలు కట్టేలా చేసిందో, అదే పెరుగుదల జహీరాబాదు షెడ్డులోని కార్మికుడి మెడ మీద కత్తి అయింది. 1990లలో నేను పారిశ్రామిక వాడల్లో తిరిగే రోజుల్లో 'జపాను కంపెనీ వస్తే ఇక చింత లేదు' అనే మాట తరచు వినబడేది. జహీరాబాదు పక్కనే వున్నా ఆ మాట చెల్లుబాటు కావడం విచిత్రం.

ఇప్పుడు ఫ్రీమాంట్ సంగతికి వస్తాను. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగదలచాను, ఎందుకంటే ఉత్పాదకత గురించి యాజమాన్యాలు మనకు చెప్పే పాఠాలన్నిటికీ మూలం అదే.

కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కర్మాగారం ఒకటి వుండేది. దానికి చెడ్డపేరు. పనికి రానివాళ్ల సంఖ్య ఎక్కువ, వివాదాలు వేలల్లో, కార్ల నాణ్యత అధ్వానం. 1982లో దాన్ని మూసివేశారు. ఆ తర్వాత టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి ఉమ్మడి కంపెనీగా 1984లో దాన్ని తిరిగి తెరిచాయి. టొయోటా పాత కార్మికులను చేర్చుకోవడానికీ, అమెరికా ఆటో కార్మిక సంఘాన్ని గుర్తించడానికీ అంగీకరించింది. 'పనికిమాలినవాళ్లు' అని ముద్ర పడిన ఆ కార్మికులే, ఆ నేల మీదే, రెండేళ్లు తిరగకుండా అమెరికాలోని జనరల్ మోటార్స్ కర్మాగారాలన్నిటినీ తలదన్నే నాణ్యత సాధించారు. లోపం కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపవచ్చు. గైర్హాజరు అయిదో వంతు నుంచి నూటికి మూడు నాలుగుకు పడిపోయింది. లోపం కార్మికుడిలో లేదనీ, నిర్వహణలో వుందనీ రుజువు కావడానికి ఇంతకు మించిన ప్రయోగం మరొకటి జరగలేదు.

అయితే యాజమాన్య కళాశాలలు ఈ కథలో సగమే చెబుతాయి. కార్మికులు అంత మనసు పెట్టి ఎందుకు పని చేశారు? 1985 ఒప్పందంలో ఒక నిబంధన వుంది. కంపెనీ మనుగడకే ముప్పు తెచ్చే తీవ్ర పరిస్థితి వస్తే తప్ప ఎవరినీ తొలగించరాదు. అటువంటి పరిస్థితి వచ్చినా ముందుగా అధికారుల జీతాలు తగ్గించాలి, బయటకు ఇచ్చిన పనులను లోపలికి తెచ్చుకోవాలి. ఇది నోటిమాట కాదు, కాగితం మీద కంపెనీ సంతకం. 1988లో అక్కడ తయారయ్యే కారుకు గిరాకీ పడిపోయి, కర్మాగారం సామర్థ్యంలో 60 శాతమే నడిచింది. ఒక్కరినీ తొలగించలేదు. మిగులు కార్మికులను శిక్షణలో పెట్టారు. ఆ రోజున కార్మికులకు ఆ కాగితం విలువ తెలిసింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు ఆ కాగితానికి అందని దెబ్బ తగిలింది. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీసి ఉమ్మడి కంపెనీ నుంచి వైదొలగింది. ఆ కర్మాగారాన్ని తానొక్కతే నడపనని టొయోటా చెప్పింది. 2010 ఏప్రిల్ 1న చివరి కారు బయటకు వచ్చింది. సుమారు 4,700 మంది రోడ్డున పడ్డారు. అమెరికాలో టొయోటా కార్లు తయారయ్యే కర్మాగారాలలో కార్మిక సంఘం వున్నది అదొక్కటే, మూతపడిందీ అదే. దాన్ని విద్యుత్ కార్ల టెస్లా కొన్నది. ఇల్లినాయ్ రాష్ట్రం నార్మల్ పట్టణంలో 1988 నుంచి నడిచిన మిత్సుబిషి కర్మాగారంలోనూ సంఘం వుండేది. అది 2015లో మూతపడి మరొక విద్యుత్ వాహనాల కంపెనీ రివియన్ చేతికి పోయింది. రెండు చోట్లా అవే గోడల మధ్య, సంఘం లేకుండా, కొత్త యాజమాన్యం పని మొదలుపెట్టింది.

టొయోటా, హోండా, నిస్సాన్‌లు సొంతంగా కట్టుకున్న అమెరికా కార్ల కర్మాగారాల సంగతి వేరు. సంఘాల బలం తక్కువగా వున్న గ్రామీణ ప్రాంతాలనూ, దక్షిణాది రాష్ట్రాలనూ ఏరి కోరి ఎంచుకున్నారు. స్మర్నాలో 1989లో సంఘం కోసం ఓటింగు జరిగితే అనుకూలంగా 711, వ్యతిరేకంగా 1,622 ఓట్లు పడ్డాయి. 2017లో మిసిసిపీ రాష్ట్రంలోని నిస్సాన్ కర్మాగారంలోనూ 1,307కు 2,244 తేడాతో సంఘం ఓడిపోయింది. అమెరికా సంఘాల లోపాలను మనం ఇక్కడ కూర్చుని ఎంచనక్కరలేదు. మన ప్రాంతంలో శ్రీసిటీ వంటి ప్రత్యేక వాడల్లో ఎన్ని కర్మాగారాలలో సంఘాలున్నాయో లెక్కపెట్టుకుంటే చాలు.

జపాను కంపెనీలు విదేశాలకు పట్టుకుపోయింది యంత్రాలను మాత్రమే కాదు, తమకు నచ్చిన సంఘం నమూనాను కూడా. దాని పుట్టుక 1953లో వుంది. ఆ సంవత్సరం నిస్సాన్‌లో పెద్ద సమ్మె జరిగింది. కంపెనీ లాకౌట్ ప్రకటించి, బ్యాంకుల అండతో నెలల తరబడి నిలిచి, పోటీగా రెండవ సంఘాన్ని నిలబెట్టి మొదటి సంఘాన్ని విచ్ఛిన్నం చేసింది. ఆ తర్వాత జపాను మోటారు పరిశ్రమలో ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క సంఘం, యాజమాన్యంతో సహకారం అనేది రివాజయింది. దానికీ ఒక మినహాయింపు వుంది. 1983లో నిస్సాన్ బ్రిటన్‌లో కర్మాగారం పెట్టదలచినప్పుడు, అదే సహకార సంఘం నాయకుడు షియోజీ ఇచిరో విలేకరుల సమావేశం పెట్టి బహిరంగంగా వ్యతిరేకించాడు. తమ పెట్టుబడి దేశం దాటితే తమ సభ్యుల ఉద్యోగాలు ఏమవుతాయన్నది అతని ప్రశ్న. యాజమాన్యం వినలేదు. ఇంగ్లండులోని సండర్లాండ్‌లో ఉత్పత్తి మొదలుకాకముందే, 1985లో, ఒకే ఒక సంఘంతో ఒప్పందం కుదుర్చుకుంది. 1986లో ప్రధాని థాచర్ ఆ కర్మాగారాన్ని ప్రారంభించింది. అప్పటికి ఏడాది క్రితమే గని కార్మికుల సమ్మెను అణచివేసిన ప్రభుత్వానికి ఆ ఒప్పందం ఎంత ముద్దుగా కనబడిందో చెప్పనక్కరలేదు. ఇక షియోజీ అడిగిన ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. 2001లో నిస్సాన్ టోక్యో సమీపంలోని మురయామా కర్మాగారాన్ని మూసింది. 1961 నుంచి నడుస్తున్న ఒప్పామా కర్మాగారంలో 2027 ఆర్థిక సంవత్సరం చివరకు వాహనాల ఉత్పత్తి ఆపివేస్తానని 2025 జూలైలో ప్రకటించింది. తల్లి కర్మాగారానికే భద్రత లేనప్పుడు పిల్ల కర్మాగారాల గతి వేరుగా ఎందుకుంటుంది?

ఇంగ్లండులోనే స్విండన్‌లో 1992 నుంచి హోండా కార్లు తయారు చేసింది. 2009 మాంద్యంలో ఆ కర్మాగారాన్ని నాలుగు నెలలు ఆపివేశారు. తిరిగి తెరిచినప్పుడు కార్మికులు వేతనంలో 3 శాతం కోతకు ఒప్పుకున్నారు, కర్మాగారం నిలబడితే చాలునని. పదేళ్లు గడిచాయి. 2019 ఫిబ్రవరి 1న జపాను, ఐరోపా సమాజాల మధ్య వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చింది; దాని ప్రకారం జపాను కార్ల మీద ఐరోపా విధించే 10 శాతం సుంకం కొన్ని సంవత్సరాలలో అంచెలంచెలుగా సున్నాకు చేరుతుంది. ఆ నెల 19వ తేదీన హోండా స్విండన్ మూసివేతను ప్రకటించింది. ఐరోపా సమాజం నుంచి బ్రిటన్ వైదొలగడం ఇందుకు కారణం కాదనీ, విద్యుత్ వాహనాల వైపు మారుతున్నందువల్లనే అనీ కంపెనీ అన్నది. కారణం ఏదైనా, సుంకం గోడ దాటడానికి ఐరోపాలో కట్టిన కర్మాగారం ఆ గోడ కూలిపోతున్నప్పుడు కంపెనీకి అంత అవసరం కాదు. 2021 జూలైలో 3,500 మంది పనిచేసే ఆ కర్మాగారం మూతపడింది. స్థలం గిడ్డంగుల కంపెనీకి అమ్ముడుపోయింది. 2009లో వదులుకున్న 3 శాతం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆస్ట్రేలియాలో జరిగింది మరింత శ్రద్ధగా వినండి, ఎందుకంటే అక్కడ నింద కార్మికుల మీదకు నెట్టే ప్రయత్నం జరిగింది. 1980ల మధ్యలో ఆ దేశం విదేశీ కార్ల మీద 57.5 శాతం సుంకం విధించేది. ఆ గోడ వెనుక టొయోటా, నిస్సాన్, మిత్సుబిషి మూడూ అక్కడే కార్లు తయారు చేశాయి. ప్రభుత్వాలు సుంకాన్ని క్రమంగా తగ్గిస్తూ 2010 నాటికి 5 శాతానికి దించాయి. 2005లో థాయిలాండుతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చి, అక్కడ తయారైన జపాను పికప్ వాహనాలు సుంకం లేకుండా దిగాయి. నిస్సాన్ 1992లోనే మూసుకుపోయింది, మిత్సుబిషి 2008లో. ఖనిజాల ఎగుమతుల వల్ల ఆస్ట్రేలియా డాలరు అమెరికా డాలరును మించిపోయింది. మెల్బోర్న్ శివారు ఆల్టోనాలో టొయోటా తయారు చేసే కార్లలో ఎక్కువ భాగం పశ్చిమాసియాకు ఎగుమతి అయ్యేవి. వాటి మీద లాభం ఆవిరైపోయింది.

2013 చివరలో టొయోటా, అమలులో వున్న వేతన ఒప్పందం గడువు తీరకముందే అందులోని సౌకర్యాలను తగ్గించడానికి కార్మికుల ఓటింగు పెట్టదలచింది. కొందరు కార్మికులు కోర్టుకు వెళ్లారు. డిసెంబరులో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఆ ఓటింగును నిలిపివేశారు. 2014 ఫిబ్రవరి 10న కంపెనీ మూసివేతను ప్రకటించింది. ఇక చూడండి, ఆర్థిక మంత్రి జో హాకీ మొదలు పత్రికల దాకా కార్మికుల సౌకర్యాలే కర్మాగారాన్ని చంపాయన్నారు. అప్పుడు టొయోటా కంపెనీయే ఒక ప్రకటన చేసి, తాము ఎన్నడూ సంఘాన్ని నిందించలేదని చెప్పవలసి వచ్చింది. డాలరు విలువ, అధిక ఉత్పత్తి వ్యయం, తక్కువ ఉత్పత్తి పరిమాణం, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు — కంపెనీ చెప్పిన కారణాలివి. వీటిలో రెండు ప్రభుత్వం చేతిలోనివే. 2017 అక్టోబరు 3న ఆల్టోనా మూతపడింది, 2,600 ఉద్యోగాలు పోయాయి. కాని మూడున్నర సంవత్సరాలకు పైగా ముందస్తు గడువు, ఒప్పందం ప్రకారం పరిహారం, కర్మాగారం లోపలే కొత్త వృత్తులకు శిక్షణ — ఇవి వారికి దక్కాయి. అక్కడి సంఘం దశాబ్దాలుగా ఒప్పందాలలో రాయించుకుంటూ వచ్చిన నిబంధనల ఫలితమది. ఆఖరి నిమిషంలో ఎవరో దయతో ఇచ్చింది కాదు.

స్పెయిన్ దేశం బార్సిలోనాలో నిస్సాన్ 2020 మేలో మూసివేత ప్రకటించింది. కోవిడ్ కాలం అది; వీధిలోకి రావడమే కష్టం. అయినా సుమారు 2,500 మంది కార్మికులు మూడు నెలలకు పైగా సమ్మె చేశారు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. మూసివేత 2021 డిసెంబరుకు వాయిదా పడింది, అంతవరకు బలవంతపు తొలగింపులు వుండవు, ఆ స్థలంలో మరో పరిశ్రమ తెచ్చే ప్రయత్నంలో సంఘాలకూ చోటు వుంటుంది. 2024లో చైనా కంపెనీ చెరీ భాగస్వామ్యంతో అక్కడ మళ్లీ కార్ల తయారీ మొదలైంది. పాత నిస్సాన్ కార్మికులలో కొందరికి తిరిగి పని దొరికింది. అందరికీ కాదు. అయినా ఏదీ దొరకని చోట్లతో పోల్చి చూడాలి.

చైనా పేరు ఎత్తాను గనుక అక్కడి సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. 2010 మేలో ఫోషాన్ నగరంలోని హోండా గేరుబాక్సుల కర్మాగారంలో దాదాపు 1,800 మంది సమ్మె చేశారు. వారిలో చాలామంది వృత్తి విద్యా పాఠశాలల నుంచి వచ్చిన ట్రైనీలు. నిల్వ లేకుండా ఎప్పటికప్పుడు భాగాలు తెప్పించుకునే జపాను పద్ధతి వల్ల, ఆ ఒక్క చోట పని ఆగితే చైనాలోని హోండా కార్ల కర్మాగారాలన్నీ ఆగిపోయాయి. వేతనాలు పెంచక తప్పలేదు. అప్పుడు హోండాకు చైనా బంగారు గని. పదిహేనేళ్లు తిరగకుండానే చైనా స్వదేశీ విద్యుత్ కార్లు ఆ మార్కెట్టును ఆక్రమించాయి. మిత్సుబిషి 2023లో చైనాలో ఉత్పత్తి నుంచి వైదొలగింది. నిస్సాన్ 2024లో చాంగ్‌జౌ కర్మాగారాన్ని మూసింది. హోండా తన ఉత్పత్తి సామర్థ్యాన్ని కోసుకుంది. జపాను కంపెనీల కంచుకోట అనుకున్న థాయిలాండులో, రాయోంగ్ కర్మాగారాన్ని 2025 ఆఖరుకల్లా మూసివేస్తానని 2024 జూన్‌లో సుజుకీ ప్రకటించింది. మరుసటి నెలలోనే అదే రాష్ట్రంలో చైనా కంపెనీ బీవైడీ కర్మాగారం తెరిచింది.

ఇంతకూ మన దేశం ఎక్కడ నిలబడి వుంది? శిఖరం మీద. 1983 డిసెంబరులో మొదటి మారుతి కారు బయటకు వచ్చినప్పుడు సుజుకీ వాటా 26 శాతం మాత్రమే, యాజమాన్యం ప్రభుత్వానిది. 2007 నాటికి ప్రభుత్వం పూర్తిగా వైదొలగింది. ఈనాడు సుజుకీ ప్రపంచమంతటా తయారు చేసే కార్లలో సగానికి పైగా మన దేశంలోనే తయారవుతున్నాయి. 2024లో మారుతి ఒక్క ఏడాదిలో 20 లక్షల వాహనాలు ఉత్పత్తి చేసింది. ఇక్కడ తయారైన కారు జపానుకే ఎగుమతి అయింది. ఫ్రీమాంట్ కార్మికుడు ఎంత నేర్పరో మన కార్మికుడూ అంత నేర్పరి అని ఇక ఎవరూ రుజువు చేయనక్కరలేదు.

మరి శిఖరం మీద వున్నప్పుడు మనం రాయించుకున్న కాగితం ఏది? ఫ్రీమాంట్‌లో కంపెనీ కార్మికులకు రాసి ఇచ్చింది. మన దగ్గర కార్మికుడి చేత కంపెనీకి రాయించుకున్నారు. 2000లో గుర్గావ్ మారుతిలో, 2011లో మానేసర్ మారుతిలో, 2014లోనూ 2020లోనూ బెంగళూరు దగ్గర బిడది టొయోటాలో, సత్ప్రవర్తన హామీపత్రం మీద సంతకం పెడితేనే గేటులోకి రానిస్తామన్నారు. బిడదిలో 2020 నవంబరులో మొదలైన సమ్మె, లాకౌట్ల వివాదం 2021 మార్చి దాకా సాగింది. దాని మూలంలో వున్నది పనిభారం.

మానేసర్ గురించి ఒక్క మాట. 2011 అక్టోబరులో శాశ్వత కార్మికులు కర్మాగారం లోపలే బైఠాయించింది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికుల కోసం. తమను లోపలికి తీసుకుని తోటివారిని బయట నిలిపివేయడాన్ని వారు అంగీకరించలేదు. మన ఉద్యమ చరిత్రలో అరుదైన ఘట్టమది. 2012 జూలై 18న అక్కడ జరిగిన హింసలో ఒక అధికారి ప్రాణం పోయింది. దాన్ని ఎవరూ సమర్థించరు, సమర్థించరాదు. కాని దాన్ని అడ్డం పెట్టుకుని 546 మంది శాశ్వత కార్మికులనూ, దాదాపు 1,800 మంది కాంట్రాక్టు కార్మికులనూ తొలగించారు. 148 మందిని జైల్లో పెట్టారు. 2017లో కోర్టు 117 మందిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. 31 మందికి శిక్ష వేసింది, వారిలో 13 మందికి యావజ్జీవం. నిర్దోషులని తేలినవారిలో చాలామంది ఏళ్ల తరబడి జైలులో గడిపినవారే. వారి ఉద్యోగాలు తిరిగి రాలేదు.

మూసివేత మన దగ్గర లేదని కూడా అనుకోవద్దు. 1997లో తెరిచిన హోండా గ్రేటర్ నోయిడా కర్మాగారంలో 2020 ఆఖరుకు ఉత్పత్తి ఆగింది. పనిని రాజస్థాన్‌లోని తపుకడాకు తరలించారు. దానికి ముందు ఆ ఏడాది మొదట్లోనే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. చెన్నై దగ్గర ఒరగడంలో 2010 నుంచి నడుస్తున్న రెనో నిస్సాన్ కర్మాగారంలో తన 51 శాతం వాటాను నిస్సాన్ అమ్మివేసింది. 2025 ఆగస్టు 1 నుంచి అది పూర్తిగా రెనో సొంతం. కార్మికుడు నిన్న చేసిన పనే ఇవాళ చేస్తున్నాడు, యజమాని మాత్రం మారాడు. ఈ మార్పులో ఒక అవకాశం వుంది. రెనో 2013లో అంతర్జాతీయ కార్మిక సమాఖ్య ఇండస్ట్రియాల్‌తో తన గ్రూపు కంపెనీలన్నిటికీ వర్తించే ఒప్పందం చేసుకుంది. అందులో సంఘం పెట్టుకునే హక్కు వుంది. ఆ ఒప్పందం తమిళంలోనూ, అక్కడ పనిచేసే మన తెలుగు కుర్రవాళ్ల కోసం తెలుగులోనూ అచ్చయి చేతికి అందాలి.

'దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి' అని మన పెద్దలు అన్నది ఇటువంటి సమయం గురించే. ఉత్పత్తి పెరుగుతున్నప్పుడు, ఒక్క షిఫ్టు ఆగినా యాజమాన్యానికి ప్రాణం మీదకు వచ్చేటప్పుడు మనకున్న బేరమాడే శక్తి, మూసివేత నోటీసు అంటించిన తర్వాత వుండదు. కాని మన కోర్కెల పత్రాలు చూస్తే నాకు దిగులు కలుగుతుంది. మూల వేతనం, బోనసు, క్యాంటీను, బస్సు — ఇవి అవసరమే. ఉత్పత్తి తరలిపోతే ఏమిటన్న ప్రశ్న పది పత్రాల్లో ఒకదాంట్లో కూడా కనబడదు.

చట్టం చూసుకుంటుందిలే అనుకునేవారు ఒక సంగతి గమనించాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం కింద వందమంది కార్మికులున్న కర్మాగారాన్ని మూయాలంటే ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300కు పెంచింది. పెద్ద కార్ల కర్మాగారాలకు ఇది తగలకపోవచ్చు. వాటికి సీట్లు, అద్దాలు, వైర్లు అందించే విడిభాగాల యూనిట్లలో చాలా వాటికి తగులుతుంది. పైగా ఆ కోడ్ ప్రకారం అప్రెంటిస్ 'కార్మికుడు' కాదు. లైను మీద పక్కపక్కనే నిలబడి ఒకే పని చేసే నలుగురిలో ఒకరు శాశ్వత కార్మికుడు, ఒకరు కాంట్రాక్టు, ఒకరు తాత్కాలికం, ఒకరు అప్రెంటిస్ అయినప్పుడు, మూసివేత నాడు పరిహారం లెక్కకు ఎంతమంది మిగులుతారో మీరే చెప్పండి.

అందువల్ల రాబోయే వేతన ఒప్పందాలలో మనం పట్టుబట్టవలసిన అంశాలున్నాయి. ఉత్పత్తి తరలింపు, కొత్త మోడలు కేటాయింపు, యాజమాన్యం మార్పు — వీటి గురించి కంపెనీ సంఘానికి ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. కనీసం రెండేళ్ల గడువు అడగాలని నా అభిప్రాయం. స్విండన్‌కు దక్కింది దాదాపు అంతే. ఏడాదికి పదిహేను రోజుల వేతనమనే చట్టపు పరిహారం మీద ఆధారపడకుండా ఒప్పందంలోనే ఎక్కువ రాయించుకోవాలి. కాంట్రాక్టు, తాత్కాలిక కార్మికుల సర్వీసు లెక్క కూడా అందులోకి రావాలి. ఇది లేకుండా మిగతావి కాగితం పులులే అవుతాయి. ఎందుకంటే సంఘంలో లేని సగంమందిని అడ్డం పెట్టుకుని యాజమాన్యం ఏ సమ్మెనైనా విరగగొట్టగలదు. విద్యుత్ వాహనాలు వస్తున్నాయి. ఇంజను, గేరుబాక్సు షాపుల్లో వున్నవారికి కొత్త పనిలో శిక్షణ కంపెనీ ఖర్చుతో, పని గంటల్లోనే జరగాలి.

జపాను సంఘాలతో సంబంధం గురించి మనలో అభిప్రాయ భేదాలున్నాయి. వారు యాజమాన్యం మనుషులే గదా అనే సోదరులున్నారు. ఒప్పామా కార్మికులు ఇవాళ ఎదుర్కొంటున్న పరిస్థితి ఒకటే చాలు, ఆ మాట పునరాలోచించుకోవడానికి. ఏ మోడలు ఏ దేశానికి పోతుందో నిర్ణయం జరిగేది యోకోహామాలో, హమమాత్సులో, టొయోటా నగరంలో. ఆ నిర్ణయం గురించి అక్కడి సంఘానికి తెలిసేది మనకన్నా ముందే. ఉత్తరం రాస్తే జవాబు రావచ్చు, రాకపోవచ్చు. రాయకపోవడానికి కారణం మాత్రం లేదు.

ఈ మధ్యాహ్నం మీకు ఒక్కొక్క కాగితం ఇస్తారు. మీ కర్మాగారంలో శాశ్వత, కాంట్రాక్టు, తాత్కాలిక, అప్రెంటిస్ కార్మికుల సంఖ్య ఎంత, ప్రస్తుత ఒప్పందం గడువు ఎప్పుడు తీరుతుంది, మీరు తయారు చేసే భాగం ఏ బండికి పోతుంది, ఆ బండి ఏ ఏ దేశాల్లో తయారవుతున్నది — ఈ నాలుగు వివరాలు రాయండి. తెలియని గడిని ఖాళీగా వదలండి, ఊహించి నింపవద్దు. రేపు ఉదయం మొదటి సమావేశంలో వాటిని ముందు పెట్టుకుని కోర్కెల పత్రం ముసాయిదా మొదలుపెడదాం.